ప్లాస్టిక్ మోడల్ బండ్లు – నాలుగవ పాఠం: బాడీని సిద్ధం చేయడం, రంగు వేయడం

గత పాఠంలో ఇంజనును, ఛాసిస్‌ను అతికించి పక్కన పెట్టుకున్నాము. ఈ పాఠం మొత్తం బాడీకే కేటాయిస్తున్నాను. రంగు డబ్బా చేతిలో ఉన్నప్పుడు ఆగడం కష్టమేనని నాకు తెలుసు. అయినా డబ్బా మూత తీయడానికి ముందు చేయవలసిన పనికి, రంగు వేయడానికి పట్టే సమయం కంటే మూడు నాలుగు రెట్లు ఎక్కువ పడుతుంది. కాబట్టి పాఠం సగం అయ్యేవరకు రంగు ఊసు పెద్దగా రాదు.

ముందుగా ఒక చిన్న లెక్క చూద్దాము. నిజమైన కారు మీద ఉండే పూతలన్నీ కలిపితే మందం మిల్లీమీటరులో దాదాపు పదో వంతు ఉంటుంది. మనం 1/24 మోడల్ (నిజమైన బండిలో ఇరవై నాలుగో వంతు కొలత) మీద ప్రైమర్ (రంగుకు ముందు వేసే పూత), రంగు, క్లియర్ (రంగు మీద వేసే పారదర్శక పూత) అన్నీ కలిపి అంతే మందంగా వేశామనుకోండి. ఆ కొలతలో అది 2.4 మిల్లీమీటర్ల పూతతో సమానం, అంటే గోడకు గార పూసినట్టే. తలుపు చుట్టూ ఉండే సందు సంగతి ఇంకా తేటగా తెలుస్తుంది. నిజమైన కారులో ఆ సందు 4 లేదా 5 మిల్లీమీటర్లు ఉంటే, 1/24లో అది సుమారు 0.2 మిల్లీమీటర్లు. సందుకు అటూ ఇటూ ఉన్న గోడల మీద 0.1 చొప్పున రంగు పేరుకుంటే సందు పూర్తిగా పూడిపోతుంది. కిట్లలో ఆ గీత సాధారణంగా ఇంతకంటే వెడల్పుగానే ఉంటుంది కనుక మనం బతికిపోతున్నాము. ఇకపై చెప్పేవన్నీ ఈ ఒక్క లెక్క చుట్టూనే తిరుగుతాయి: పూత వీలైనంత పలుచగా ఉండాలి, పలుచని పూత కింద ఏ లోపమూ దాగదు, అందుచేత లోపాలను ప్లాస్టిక్ దశలోనే తీసివేయాలి.

అచ్చు గీతలు

కారు బాడీని ఒకే ముక్కగా పోయడానికి అచ్చును అనేక దిక్కులనుండి మూసుకునే పలకలుగా చేస్తారు. ఆ పలకలు కలిసిన చోటల్లా బాడీ మీద వెంట్రుకవంటి సన్నని గట్టు మిగులుతుంది. చక్రాల మీది వంపుల పైభాగాన, వెనుక అద్దానికి ఇరువైపులా ఉండే స్తంభాల మీద, ముందు దీపాల దగ్గరి మూలల్లో దీని కోసం వెదకండి. కంటికి కనబడకపోతే గోరు మెల్లగా అడ్డంగా లాగండి, తగులుతుంది. ఎదురుగా కాక పక్కనుండి పడే దీపపు వెలుతురులో బాడీని నెమ్మదిగా తిప్పితే గట్టు నీడ కూడా కనిపిస్తుంది.

ఈ గట్టును 600 నంబరు ఉప్పుకాగితంతో, నీటిలో తడిపి రుద్దాలి. కాగితాన్ని వేలికి చుట్టుకుని రుద్దితే వేలి మెత్తదనం వల్ల గట్టుతోపాటు పక్కనున్న ప్లాస్టిక్ కూడా అరిగి పల్లం పడుతుంది. చదునైన చోట కాగితాన్ని చిన్న చెక్కముక్కకు గాని, గట్టి రబ్బరుకు గాని చుట్టి రుద్దండి. వంపుల మీద మాత్రం వేలే నయం. గట్టు పోయాక 1000 నంబరుతో గీతలు మాయమయ్యేవరకు పట్టాలి. బోనెట్ మీది అక్షరాలు, తలుపు పిడులు, వైపర్లు ఉన్నచోట కాగితం చేరనివ్వకండి.

ప్లాస్టిక్ చల్లారేటప్పుడు లోపలివైపు మందంగా ఉన్న చోట పైభాగం కొద్దిగా కుంగి, లోతులేని గుంటలు ఏర్పడుతుంటాయి. వాటికి లప్పం పెట్టాలి. ఒకేసారి దట్టంగా నింపితే పైన ఆరి లోపల పచ్చిగా ఉండిపోయి, వారం తరువాత రంగు కింద మళ్లీ కుంగుతుంది. రెండు పలుచని విడతలుగా పెట్టి, విడతకు ఒక రాత్రి ఆరనివ్వండి.

సందులను లోతు చేయడం

తలుపుల గీతలు, బోనెట్ గీతలు, డిక్కీ గీతలు రంగుకు ముందే కొంత లోతు చేసుకోవాలి. హాబీ కత్తిని తిరగేసి, పదును లేని వీపువైపు మొనను గీతలో పెట్టి, బరువు వేయకుండా లాగాలి. మొదటి రెండు లాగులకు ఏమీ జరిగినట్టుండదు. మూడవ, నాలుగవ లాగుకు సన్నని ప్లాస్టిక్ తీగ చుట్టుకుని పైకి వస్తుంది. అది వచ్చిందంటే పని సవ్యంగా సాగుతోందని అర్థం. తొందరపడి మొదటి లాగులోనే బలం వేస్తే మొన గీత దాటి తలుపు మీదకు జారుతుంది, ఆ గాయాన్ని పూడ్చడం గీత లోతు చేయడం కంటే పెద్ద పని.

ట్రక్కు చేస్తున్నవారికి ఇక్కడ ప్రత్యేకంగా ఒక మాట చెప్పాలి. కారు బాడీ ఒకే ముక్కగా వస్తుంది గాని, ఇటలేరి కంపెనీ 1/24 ట్రక్కులలో గాని, ఏఎమ్‌టీ కంపెనీ 1/25 ట్రక్కులలో గాని క్యాబిన్ గోడలు, పైకప్పు, వెనుక పలక విడివిడిగా వస్తాయి. వాటిని ముందే రంగు వేసి తరువాత అతికిస్తే జిగురు రంగును కరిగిస్తుంది, అతుకు కూడా బయటపడుతుంది. గోడలన్నీ అతికించి, మూలలు లంబకోణంలో ఉన్నాయో లేదో చూసి, అతుకుల మీద లప్పం పెట్టి రుద్దిన తరువాతే రంగు వేయాలి. అయితే క్యాబిన్ అడుగును మాత్రం అతికించకండి. సీట్లు, స్టీరింగు, డాష్‌బోర్డు ఆ దారినే లోపలికి వెళ్లాలి.

రుద్దడం అయ్యాక బాడీని గోరువెచ్చని నీటితో, గిన్నెలు తోమే సబ్బు రెండు చుక్కలు వేసి, పాత పళ్లకుంచెతో కడగండి. అచ్చునుండి సులువుగా ఊడి రావడానికి పూసే జిడ్డు, మన వేళ్ల జిడ్డు, రుద్దిన పొడి అన్నీ పోవాలి. వేడినీళ్లు మాత్రం వద్దు, పలుచని స్తంభాలు వంగిపోతాయి. ఇకనుండి బాడీని లోపలినుండే పట్టుకోవాలి. పైకప్పు లోపలి భాగానికి రెండువైపులా అంటుకునే టేపు పెట్టి ఒక పొడవాటి సీసా మీద నిలబెడితే, తిప్పడానికీ, తలుపుల కింది అంచులకు రంగు అందడానికీ వీలుగా ఉంటుంది.

ప్రైమర్

ప్రైమర్ మూడు పనులు చేస్తుంది: రంగుకు పట్టు ఇస్తుంది, ఘాటైన ద్రావకం ప్లాస్టిక్‌ను తినకుండా కొంతవరకు అడ్డుకుంటుంది, మనం వదిలేసిన లోపాలను బయటపెడుతుంది. మూడవది నాకు అన్నిటికంటే విలువైనది. బూడిదరంగు ప్రైమర్ పలుచగా పడగానే, పోయిందనుకున్న అచ్చు గీత మళ్లీ కనిపించడం మామూలే. నిరుత్సాహపడకుండా ఆ చోటు మాత్రం రుద్ది, మళ్లీ ప్రైమర్ వేయండి.

పైన రాబోయే రంగును బట్టి ప్రైమర్ రంగును ఎంచుకోవాలి. పసుపు, ఎరుపు, నారింజ వంటివి కిందిదాన్ని పూర్తిగా కప్పలేవు కనుక వాటికి తెల్ల ప్రైమర్ వాడాలి. నీలం, ఆకుపచ్చ, నలుపులకు బూడిదరంగు చాలు.

ప్లాస్టిక్ ఎర్రగా ఉంటే మరింత జాగ్రత్త అవసరం. నా మొదటి తెల్ల కారును ఎర్ర ప్లాస్టిక్ మీదే, ప్రైమర్ లేకుండా, మూడు పూతలతో ముగించాను. సాయంత్రానికి పాలవలె తెల్లగా ఉన్న బాడీ మూడో రోజుకు లేత గులాబీ రంగుకు తిరిగింది. పైన ఇంకో రెండు పూతలు వేశాను. అవీ గులాబీ అయ్యాయి. రంగులోని ద్రావకం ప్లాస్టిక్‌లోని ఎర్రదనాన్ని కరిగించి పైకి లాగుతుందని తరువాత తెలిసింది. ఎర్ర ప్లాస్టిక్ మీద లేత రంగు వేయాలనుకుంటే ముందు వెండి రంగు పూత ఒకటి అడ్డుగా వేసి, దాని మీద తెల్ల ప్రైమర్ వేయండి. అంతకంటే తేలిక మార్గం ఆ కిట్‌ను ఎర్రగానే ఉంచడం.

రంగు

రంగులలో ల్యాకర్, ఎనామిల్, యాక్రిలిక్ అని మూడు జాతులు ఉన్నాయి. ల్యాకర్ త్వరగా ఆరుతుంది, పలుచగా కూర్చుంటుంది, మెరుగు పెట్టడానికి లొంగుతుంది. బాడీకి నేను సూచించేది అదే. ఎనామిల్ పూత మీద ల్యాకర్ వేస్తే కింది పొర ముడతలు పడి లేస్తుంది, బాగా ఆరిన ల్యాకర్ మీద ఎనామిల్ వేస్తే ఏమీ కాదు. టామియా కంపెనీ స్ప్రే డబ్బాలు కొనేవారు అక్షరాలు చూసి కొనాలి: టీఎస్ అని ఉన్నది మన ప్లాస్టిక్ కిట్ల కోసం, పీఎస్ అని ఉన్నది రిమోట్ కార్ల పాలికార్బొనేట్ బాడీల కోసం. రెండవది మనకు పనికిరాదు. మొదటి రెండు మూడు మోడళ్లకు ప్రైమర్, రంగు, క్లియర్ ఒకే తయారీదారువి వాడితే సగం చిక్కులు తప్పుతాయి.

గాలి ఆడే చోట, నిప్పుకు దూరంగా, ద్రావకపు ఆవిరిని ఆపే ఫిల్టరు ఉన్న మాస్కు పెట్టుకుని పని చేయాలి. ముక్కుకు కట్టుకున్న గుడ్డ ఆవిరిని ఆపదు. వాన పడుతున్న రోజు, తేమ ఎక్కువగా ఉన్న రోజు పని వాయిదా వేయండి. ద్రావకం ఆవిరయ్యేటప్పుడు పూత చల్లబడి గాలిలోని తేమను పట్టుకుంటుంది, పైన తెల్లని మసక కమ్ముతుంది. డబ్బాను గోరువెచ్చని నీటిలో పది నిమిషాలు ఉంచి, తుడిచి, బాగా ఊపితే రంగు తుంపర సన్నగా వస్తుంది. పొయ్యి దగ్గరకు మాత్రం తీసుకువెళ్లకూడదు.

బాడీకి డబ్బాకు మధ్య 15 నుండి 20 సెంటీమీటర్ల దూరం ఉంచండి. బాడీ మొదలవడానికి ముందే ఖాళీలో మీట నొక్కి, చేతిని ఒకే వేగంతో బాడీ మీదుగా సాగించి, బాడీ దాటాక వేలు తీయాలి. బాడీ మీద చేయి ఆగిందంటే అక్కడ రంగు కారుతుంది. చక్రాల వంపులు, స్తంభాలు, కింది అంచులు ముందు. ఆ తరువాత పక్కలు. చివరికి బోనెట్, పైకప్పు, డిక్కీ.

మొదటి పూత చిలకరించినట్టు ఉండాలి, కింద ప్రైమర్ కనబడుతూనే ఉండాలి. పావుగంట ఆగి రెండవది కొంచెం నిండుగా వేయండి. మరో పావుగంటకు మూడవది, తడి పూత. కష్టమంతా దీనిలోనే ఉంది. పైకప్పు మీద దీపం ప్రతిబింబించేలా బాడీని నిలబెట్టి, ఆ ప్రతిబింబం అంచునే చూస్తూ స్ప్రే చేయండి. తుంపర పడ్డ క్షణాన అంచు ఇసుక చల్లినట్టు గరుకుగా ఉంటుంది. చుక్కలు ఒకదానిలో ఒకటి కలిసిపోగానే అంచు ఒక్కసారి తేరుకుని గీత గీసినట్టవుతుంది. అంచు తేరుకున్న వెంటనే చేయి ముందుకు సాగాలి. అంతకు ముందే వెళ్లిపోతే నారింజ తొక్కలాంటి గుంటలు మిగులుతాయి, అక్కడే ఉండిపోతే రంగు కారుతుంది. ఈ చూపు అలవడేవరకు ప్లాస్టిక్ చెంచాల వీపు మీద సాధన చేయండి. వాటి వంపు బోనెట్ వంపుకు దగ్గరగా ఉంటుంది.

రంగు కారినా, దుమ్ము పడినా, వెంట్రుక అతుక్కున్నా తడిగా ఉండగా ముట్టుకోవద్దు. పూర్తిగా ఆరిన తరువాత 2000 నంబరు కాగితంతో తడిగా రుద్దితే చాలావరకు పోతాయి. రుద్దేటప్పుడు బోనెట్ మడతలు, తలుపు అంచులు వంటి ఎత్తైన గీతలను తప్పించండి. అక్కడ పూత అన్నిటికంటే పలుచగా ఉంటుంది, రెండు రుద్దులకే ప్రైమర్ తేలుతుంది.

ల్యాకర్‌కు కనీసం నాలుగైదు రోజులు, ఎనామిల్‌కు రెండు వారాలు ఆరడానికి ఇవ్వండి. రోజులు లెక్కపెట్టడం కంటే నమ్మకమైన పరీక్ష ఒకటుంది: బాడీని ముక్కు దగ్గరకు తెచ్చి వాసన చూడండి. ద్రావకం వాసన ఏమాత్రం తగిలినా పూత లోపల ఇంకా పచ్చిగానే ఉంది. వాసన పోయేవరకు బాడీ మీద దుమ్ము పడకుండా ఒక డబ్బా బోర్లించి ఉంచండి. ఈలోగా కిట్‌లోని క్రోమ్ బంపర్లను ఫ్రేము నుండి కత్తిరించకుండా అలాగే ఉంచుకోండి. వచ్చే పాఠంలో వాటితోపాటు క్లియర్ పూత, మెరుగు పెట్టడం గురించి చెప్పుకుందాము.