దాక్కునే పిట్టను గైడుతో వెళ్లి వెతకడం ఎలా?

మన తెలుగు మాట ‘పిట్ట’ ఒక పక్షి ప్రజాతికి శాస్త్రీయ నామమని చాలామందికి తెలియదు. 1816లో వియెయో అనే ఫ్రెంచి శాస్త్రవేత్త దానికి ‘పిట్టా’ అని పేరు పెట్టాడు. ఆసియా, ఆఫ్రికా, ఆస్ట్రేలియాల్లో ఈ పిట్టల కుటుంబానివి 40కి పైగా జాతులున్నాయి. ఒంటిమీద ఆకుపచ్చ, నీలం, ఎరుపు రంగులు పులుముకుని కూడా చీకటి అడవిలో నేలమీద అవి కళ్లకు చిక్కవు. గర్నీ పిట్ట సంగతే చూడండి. 1952 తర్వాత ఎవరికీ కనబడక, చివరికి 1986లో దక్షిణ థాయ్‌లాండ్‌లో మళ్లీ దొరికింది.

అలాంటి పక్షి కోసం గైడును పెట్టుకుని వెళ్తున్నారా? పని ఇంటి దగ్గరే మొదలవుతుంది.

గైడుతో ముందే మాట్లాడండి

‘పక్షులన్నీ చూడాలి’ అంటే గైడు మిమ్మల్ని రోజంతా తిప్పుతాడు. ‘నాకు ఈ ఒక్క పిట్ట ముఖ్యం, మిగతావి కనబడితే సంతోషం’ అని చెప్పండి. అది ఏ నెలల్లో కూస్తుందో అడిగి, తేదీలు ఆ తర్వాతే ఖాయం చేసుకోండి. కూయని కాలంలో వెతకడం గడ్డివాములో సూదిని వెతకడమే. గుంపులో ఎంతమంది ఉంటారో కూడా అడగండి. ఇరుకు బాటలో నలుగురు దాటితే వెనకున్నవాళ్లకు ముందువాళ్ల వీపులే కనిపిస్తాయి.

కంటికన్నా ముందు చెవి

జీనో-కాంటో సైటులో ఆ పక్షి కూతల రికార్డింగులు దొరుకుతాయి. వారం ముందు నుంచి రోజూ వినండి. ఉదాహరణకు బోర్నియో అడవుల్లోని గార్నెట్ పిట్ట ఒకే స్వరంలో ఈల వేస్తుంది. ఆ ఈల మెల్లగా పెరిగి, ఉన్నట్టుండి తెగిపోతుంది. ఒకసారి చెవికి పట్టిందంటే ఇక మరిచిపోరు.

ఏం తీసుకెళ్లాలి?

బైనాక్యులర్లు 8x42 (8 రెట్లు పెద్దగా చూపేవి, ముందు అద్దం వెడల్పు 42 మి.మీ.) చాలు. 10 రెట్లవి చేతిలో ఎక్కువగా కదులుతాయి, నీడలో వెతకడానికి 8 రెట్లవే నయం. ఏసీ గదిలోంచి నేరుగా అడవిలోకి తీసుకెళ్తే అద్దాలకు ఆవిరి పట్టేస్తుంది. తెల్లవారుజామున లేవగానే వాటిని గది బయట పెట్టి అప్పుడు తయారవండి. మాసిన ఆకుపచ్చ, గోధుమ రంగు బట్టలు వేసుకోండి. నడిస్తే గరగరలాడే రెయిన్‌కోటు వద్దు. తడి అడవైతే జలగల సాక్సులు తప్పనిసరి. ఒకసారి నేను అవి లేకుండా వెళ్లి, కాలిమీది జలగను లాగుదామని వంగాను. సరిగ్గా ఆ రెండు సెకన్లలోనే పిట్ట బాట దాటి వెళ్లిపోయింది!

అడవిలో

తెల్లవారేసరికి చోటు చేరండి. గైడు ఆగమన్నచోట ఆగిపోండి. కాలు కాలిన పిల్లిలా తిరిగేవాళ్లకు పిట్ట దొరకదు. నా లెక్కలో ఈ వేటలో సగానికి పైగా కూర్చోవడమే.

కూర్చున్నాక ఎండుటాకులను గమనించండి. గాలి లేకుండా ఒక ఆకు ఎగిరి తిరగబడిందంటే, దాని కింద పురుగులు, వానపాముల కోసం ఎవరో వెతుకుతున్నట్టే. రెండు మూడు గెంతులు, ఆగడం, తల వంచి చూడటం, మళ్లీ ఆకు విసరడం: పిట్ట తీరు ఇది. ఆస్ట్రేలియాలోని నాయిజీ పిట్ట నత్తలను రాయికో మొద్దుకో కొట్టి పగలగొడుతుంది. అక్కడ రాయి పక్కన నత్తగుల్లల ముక్కల కుప్ప కనిపిస్తే గైడును మెల్లగా తట్టి చూపించండి. కూత వినబడుతున్నప్పుడు మాత్రం నేలనొక్కటే చూడకండి. కూసేటప్పుడు కొమ్మమీదికి ఎక్కడం కూడా వాటికి అలవాటే.

గైడు ‘పది గంటల దిశ, వంగిన తీగ వెనక’ అన్నాడనుకోండి. మీ ముందున్నది 12 గంటలు, బాగా ఎడమవైపు 10. ముందు ఉత్త కళ్లతో ఆ తీగను పట్టుకోండి. చూపు దానిమీద నుంచి తిప్పకుండా బైనాక్యులర్లను కళ్ల దగ్గరికి తెచ్చుకోండి. చాలామంది తల దించి బైనాక్యులర్లు వెతుక్కుని, మళ్లీ తలెత్తేసరికి తీగ ఏదో మరిచిపోతారు. ఈ ఒక్క కదలికను ఇంట్లో కిటికీలోంచి పదిసార్లు సాధన చేయండి.

ప్లేబ్యాక్ సంగతి

ఫోనులో కూత వినిపిస్తే పోటీ పక్షి వచ్చిందనుకుని పిట్ట దగ్గరికి రావచ్చు. కానీ మీ అంతట మీరు ఆ పని చేయకండి, ఆ నిర్ణయం గైడుదే. కొన్నిచోట్ల అది నిషేధం కూడా. అనుమతి ఉన్నచోటైనా కొద్ది సెకన్లు వినిపించి, చాలాసేపు ఊరుకోవాలి. గూడు కట్టే కాలంలో అసలు వద్దు. గుడ్ల దగ్గర ఉండాల్సిన పక్షి లేని శత్రువుతో పోట్లాడుతూ కూర్చుంటుంది. ‘ఇంకొక్కసారి పెట్టు’ అని గైడును ఒత్తిడి చేసేవాళ్లు ప్రతి గుంపులోనూ ఒకరుంటారు. ఆ ఒకరు మీరు కాకండి.

కనబడ్డాక

మొదటి నిమిషం కెమెరా ముట్టకుండా చూడండి. అది పొదలోకి వెళ్లిపోతే వెంటపడొద్దు. అరుదైన జాతి ఫొటో పోస్టు చేసేటప్పుడు లొకేషన్ తీసేయండి. చూసిన పక్షులను నమోదు చేసుకునే ఈబర్డ్ సైటు కూడా ప్రమాదంలో ఉన్న కొన్ని జాతుల స్థలాలను బయటపెట్టదు. ఒకవేళ పిట్ట కనబడకుండా కూత మాత్రమే వినబడి, గైడు అదేనని నిర్ధారిస్తే, దాన్నీ ఈబర్డ్‌లో నమోదు చేయొచ్చు. ‘విన్నాం, చూడలేదు’ అని వ్యాఖ్యలో రాస్తే సరిపోతుంది.