కొలతలు నేర్చుకుందాం – 3వ పాఠం: పిపెట్టును త్రాసు మీద పరీక్షించడం

పోయిన పాఠంలో త్రాసును సరిచూసుకున్నాం. ఇప్పుడు ఆ త్రాసుతోనే పిపెట్టు, అంటే ద్రవాన్ని కొలిచి పీల్చి వదిలే పరికరం, సంగతి చూద్దాం. 1000 మైక్రోలీటర్ల (అంటే ఒక మిల్లీలీటరు) పిపెట్టు, డిస్టిల్డ్ వాటర్, మూత ఉన్న చిన్న గాజు సీసా, థర్మామీటరు, గ్రాములో నాలుగో దశాంశం దాకా చూపే త్రాసు ఉంటే చాలు.

నీళ్లు, పిపెట్టు, దాని కొసకు తొడిగే ప్లాస్టిక్ టిప్పులు రెండు గంటల ముందే త్రాసు గదిలో పెట్టేయండి. ఏసీ గాలి త్రాసుకు నేరుగా తగలకుండా చూడండి.

కొత్త టిప్పు తొడిగి, ముందు మూడుసార్లు నీళ్లు పీల్చి వదిలేయండి. టిప్పు లోపలి గాలి పొడిగా ఉన్నప్పుడు నీరు కొంత ఆవిరవుతుంది, అందుకే మొదటి ఒకటి రెండు కొలతలు తేడాగా వస్తాయి. ఇక అసలు కొలత. ప్లంజర్‌ను, అంటే పైనున్న బొత్తాన్ని, మొదటి స్టాప్ (అది మొదట ఆగే చోటు) దాకా నొక్కి, టిప్పును నీళ్లలో రెండు మూడు మిల్లీమీటర్లే ముంచి, నిలువుగా పట్టుకుని, బొటనవేలిని మెల్లగా పైకి రానివ్వండి. ఒక్క సెకను ఆగి బయటికి తీయండి. అందరూ తొందరపడేది ఇక్కడే. వేలు ఠక్కున వదిలితే నీళ్లు పైకి చిమ్ముతాయి, బుడగ దూరుతుంది. సీసాలో వదిలేటప్పుడు టిప్పును గోడకు ఆనించి, రెండో స్టాప్ దాకా నొక్కండి. వెంటనే మూత పెట్టి తూకం రాసుకోండి. త్రాసును సున్నా చేసి మళ్లీ మొదలుపెట్టండి. ఇలా పదిసార్లు.

నీళ్లు 25 డిగ్రీలు ఉన్నప్పుడు ఇలా వచ్చాయనుకుందాం: 0.9921, 0.9934, 0.9918, 0.9927, 0.9940, 0.9925, 0.9931, 0.9919, 0.9928, 0.9927 గ్రాములు. సగటు 0.9927. అంటే 992.7 మైక్రోలీటర్లు అనేసుకోవద్దు. 25 డిగ్రీల దగ్గర ఒక మిల్లీలీటరు నీళ్లు 0.9970 గ్రాములే. పైగా గాలి కూడా వాటిని కాస్త పైకి తేలుస్తుంది. ఈ రెండింటికీ కలిపి 1.0040తో గుణించాలి. అప్పుడు 996.7 మైక్రోలీటర్లు. లోటు 3.3 మైక్రోలీటర్లు. పది కొలతల మధ్య చెదురు, అంటే ప్రామాణిక విచలనం, సుమారు 0.7. ఐఎస్ఓ 8655 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఈ సైజు పిపెట్టుకు తేడా 8 మైక్రోలీటర్ల దాకా, చెదురు 3 దాకా ఉండొచ్చు. మన పిపెట్టు బాగానే ఉంది. గుణించడం మరిచిపోతే లోటు 7.3గా కనబడి, మంచి పిపెట్టు మీద అనవసరంగా అనుమానం వచ్చేది.

ఇంత పట్టుబట్టి చెప్పడానికి కారణం ఉంది. నేను నీటి పరీక్షల ల్యాబ్‌లో చేరిన కొత్తలో నైట్రేట్ ఫలితాలు వరుసగా తక్కువ రాసాగాయి. రెండు రోజులు టెన్షన్‌తో స్పెక్ట్రోఫొటోమీటర్ (ద్రావణం ఎంత కాంతిని పీల్చుకుంటుందో కొలిచే యంత్రం) చుట్టూ తిరిగాం. స్టాండర్డులు, అంటే పోల్చి చూడడానికి నైట్రేట్ ఎంతుందో ముందే తెలిసిన ద్రావణాలు, మళ్లీ చేశాం, కొత్త గ్రాఫు గీశాం, లాభం లేదు. స్టాండర్డులు గాజు పిపెట్టుతో, శాంపిల్ మాత్రం ఇలాంటి ప్లంజర్ పిపెట్టుతో తీస్తున్నామని చివరికి తట్టింది. త్రాసు మీద పెడితే 1000కి 958 చూపించింది. లోపలి రబ్బరు రింగు అరిగిపోయింది. రెండూ ఆ పిపెట్టుతోనే తీసి ఉంటే తప్పు తప్పును కప్పేసేది, మాకు ఎప్పటికీ తెలిసేది కాదు. అప్పట్నుంచి రోజూ పొద్దున్నే టిప్పు నిండా నీళ్లు పీల్చి, ఇరవై సెకన్లు నిలువుగా పట్టుకుని చూస్తాను. చుక్క వేలాడిందంటే ఆ పిపెట్టును పక్కన పెట్టేస్తాను.

రింగు అరిగిన ఆ పిపెట్టుకు క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్ (కొలతను పరీక్షించి ఇచ్చే పత్రం) కూడా ఉండేది, గడువు దాటలేదు. కానీ సర్టిఫికెట్ చెప్పేది పరీక్షించిన ఆ రోజు సంగతి, పరీక్షించిన ఆ చేతి సంగతి. మీ చేయి సంగతి మీరే చూసుకోవాలి.

ఈ వారం పని: మీరు పది తూకాలు తీయండి. అదే పిపెట్టుతో, అదే పూట, పక్కనున్నవాళ్లతో మరో పది తీయించండి. పేరు, తేదీ, నీళ్ల ఉష్ణోగ్రత రాసి రెండు కాగితాలూ దాచుకోండి. నాలుగో పాఠంలో కంట్రోల్ చార్టు, అంటే కొలతలు హద్దుల్లో ఉన్నాయో లేదో చూపే గ్రాఫు, వాటితోనే గీస్తాం.