తొలకరి పడకముందే పాత పికప్ బీడింగ్ మార్చేవాళ్లకు జాగ్రత్తలు

బొలేరో క్యాంపర్ కానీ, టాటా 207 కానీ, శ్రీసిటీలో తయారైన తొలినాళ్ల ఇసుజు వీ-క్రాస్ కానీ, బండి పాతబడితే డోరు మీద అడ్డంగా అంటించి ఉండే నల్ల ప్లాస్టిక్ పట్టీ, అంటే బీడింగ్, తెల్లబారుతుంది. ఒక కొస లేచి గాలికి టపటపా కొట్టుకుంటుంది. దాన్ని పీకి కొత్తది అంటించడం పావుగంట పనిలా కనిపిస్తుంది. అంటించడం నిజంగా పావుగంటే. అసలు పని దాని వెనకున్న రేకుది. ఏళ్ల తరబడి అక్కడ చేరిన మట్టి నీళ్లను పీల్చుకుని ఆరనివ్వదు. రొయ్యల లోడు మోసిన బండికి ఐసు కరిగిన ఉప్పునీళ్లు కూడా తోడవుతాయి. పొటాష్ బస్తాలు మోసినా అంతే. మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ అంటే పొటాషియం క్లోరైడ్, అదీ ఉప్పే. కాబట్టి దీన్ని అలంకారం పనిగా కాకుండా తుప్పు పనిగా లెక్కవేసుకుని దిగండి.

ఎప్పుడు మొదలుపెట్టాలి

మృగశిర కార్తె జూన్ 7, 8 తేదీల్లో వస్తుంది. దానికి కనీసం రెండు వారాల ముందు పాత బీడింగ్ ఊడి ఉండాలి. ఎందుకంటే రేకు మీద తుప్పు తీసి రంగు వేస్తే, ఆ రంగులోని థిన్నర్ పూర్తిగా ఆవిరయ్యేదాకా దాని మీద టేపు వెయ్యకూడదు. కనీసం వారం ఆగాలి. తొందరపడితే లోపలి ఆవిరి టేపును కిందనుంచి వదులు చేస్తుంది, బీడింగ్ రంగుతో సహా ఊడొస్తుంది. అంటించాక టేపు పూర్తి పట్టు రావడానికి ఇంకో 72 గంటలు. ఆ మూడు రోజులూ వాన పడకూడదు, బండి కడగకూడదు.

రోహిణి ఎండకు రోళ్లే పగులుతాయంటారు, ఇక రేకు సంగతి చెప్పేదేముంది. మధ్యాహ్నం ఎండలో నిలిపిన బండి మీద అంటించే పని పెట్టుకోవద్దు. టేపుకు నప్పే వేడి సుమారు 21 నుంచి 38 డిగ్రీలు, అదీ గాలిది కాదు, రేకుది. పొద్దున్నే షెడ్డు నీడలో చేసుకోండి. చలికాలం తెల్లవారుజామున దీనికి తలకిందుల చిక్కు: 10 డిగ్రీల కన్నా తగ్గితే టేపు గట్టిపడి రేకును పట్టుకోదు.

కొనేటప్పుడు

టేపు విషయంలో పిసినారితనం వద్దు. ఫ్యాన్సీ షాపులో దొరికే తెల్ల ఫోమ్ డబుల్ టేపు ఒక్క ఎండాకాలం కూడా ఆగదు. బూడిదరంగు అక్రిలిక్ ఫోమ్ టేపు అడగండి. త్రీఎమ్ వాళ్ల వీహెచ్‌బీ రకం లాంటిది, సుమారు ఒక మిల్లీమీటరు మందం, 12 మిల్లీమీటర్ల వెడల్పు. బీడింగ్ వెనక రెండు వరుసలు వెయ్యాలి కనుక, బీడింగ్ పొడవుకు రెట్టింపు టేపు, పైన ఓ మీటరు అదనం.

బీడింగ్ కొనేముందు దాన్ని తిప్పి వెనక వైపు చూడండి. అచ్చులో ఏబీఎస్ అని ఉంటే చింత లేదు, అది టేపు బాగా పట్టే ప్లాస్టిక్ రకం. పీపీ అని ఉంటే అది పాలీప్రొపిలీన్. దానికి మామూలు టేపు నేరుగా సరిగ్గా అతుక్కోదు. ముందు అడ్హెషన్ ప్రమోటర్ అనే ద్రవం పల్చగా రాసి ఆరనివ్వాలి. ‘కొత్త బీడింగ్ నెలకే ఊడింది, టేపు డూప్లికేటు’ అని తిట్టుకునే వాళ్లలో చాలామందికి అసలు కారణం ఇదే.

చక్రం పైన మడ్‌గార్డ్ అంచుకు వచ్చే వెడల్పు ప్లాస్టిక్‌కు క్లిప్పులు ఉంటాయి. పాత నైలాన్ క్లిప్పులు ఎండకు పెళుసెక్కి తీసేటప్పుడు సగం విరుగుతాయి, వాటిని మళ్లీ వాడే ఆశ పెట్టుకోవద్దు. ఒక క్లిప్పు చేతిలో పట్టుకునే ఆటోనగర్ వెళ్లండి. రంధ్రం కొలతకు డ్రిల్ బిట్టు వెనక కాడను అందులో దూర్చి చూస్తే సరిపోతుంది. 20 కావాలంటే 25 కొనండి.

ఊడదీసేటప్పుడు

ముందు బండి కడిగి ఆరబెట్టండి. పాత బీడింగ్ పై అంచు వెంట మాస్కింగ్ టేపు వేసుకోండి. తీసేశాక ఆ గీతే మీకు దిక్కు. డోరు కింది అంచు నుంచి ముందు కొసకూ వెనక కొసకూ ఎత్తు విడివిడిగా కొలిచి రాసుకోండి, చాలా బండ్లలో ఆ రెండూ సమానంగా ఉండవు.

లాగేముందు బీడింగ్ రెండు కొసలూ, డోరు మడత లోపలా, చక్రం గూడు లోపలా చెయ్యి పెట్టి తడమండి. అక్కడ స్క్రూ గానీ, నట్టు గానీ, పాత రిపేరులో కొట్టిన రివిట్ గానీ ఉండొచ్చు. చూడకుండా లాగితే రేకు సొట్టపోతుంది.

హీట్ గన్ ఒక జానెడు దూరంలో ఉంచి, ఒకచోట ఆపకుండా ఆడిస్తూ వేడి చెయ్యండి. చెయ్యి పెడితే చురుక్కుమనాలి, అంతకు మించొద్దు. దీనికి ముందు చిన్న అయస్కాంతంతో డోరంతా ఒకసారి తడిమి చూడటం మరవకండి. అయస్కాంతం జారిపోయిన చోట రంగు కింద పుట్టీ ఉన్నట్టు. పుట్టీ మీద హీట్ గన్ పెడితే పెచ్చులుగా లేచొస్తుంది. అక్కడ వేడి మానేసి, గాలం దారాన్ని బీడింగ్ వెనక దూర్చి రంపంలా అటూ ఇటూ లాగండి. చేతులకు గ్లవుజులు ఉండాలి, దారం వేళ్లు కోస్తుంది. ఇనుప పుట్టీ బ్లేడు వాడొద్దు, పాత ఏటీఎం కార్డు చాలు.

మిగిలిన జిగురు తీయడానికి చాలామంది నేరుగా థిన్నర్ గుడ్డ తీస్తారు. కంపెనీ రంగయితే పెద్దగా నష్టం లేదు. మధ్యలో ఎవరో ఎన్‌సీ రంగు (థిన్నర్‌కు కరిగిపోయే నైట్రోసెల్యులోజ్ రంగు) కొట్టిన బండి అయితే రంగంతా గుడ్డకు వస్తుంది. ముందు డోరు మడతలో కనపడని చోట చిన్న దూదితో రుద్ది చూడండి. దూదికి రంగు అంటితే థిన్నర్ పక్కన పెట్టేసి కిరసనాయిలుతో ఓపిగ్గా తీయండి, తర్వాత షాంపూ నీళ్లతో కడగండి. పెట్రోలు ఎవరు చెప్పినా వాడొద్దు. థిన్నరైనా కిరసనాయిలైనా మూత తెరిచి ఉన్న చోట హీట్ గన్ ఆన్ చెయ్యొద్దు.

తుప్పు, రంధ్రాలు

రంగు పొక్కిన ప్రతిచోటా సన్నని ఆరతో (చెప్పులు కుట్టేవాళ్లు వాడే మొనదేలిన పనిముట్టు) గుచ్చి చూడండి. ఆర ఆగితే పైతుప్పు: 80 నంబరు ఎమరీతో మెరిసే రేకు వచ్చేదాకా రుద్ది, 180, 320తో నునుపు చేసి, ఎపాక్సీ ప్రైమర్, ఆపైన రంగు. ముక్కుకు మాస్కు కట్టుకోండి, పాత రంగు దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఆర లోపలికి దిగిపోతే అది టింకరింగ్ వాళ్ల పని, రేకు కోసి కొత్త ముక్క వెల్డింగ్ పెట్టాలి. అక్కడ పుట్టీ నింపి బీడింగ్ కప్పేస్తే వానాకాలం దాటేసరికి లోపలినుంచి రెట్టింపవుతుంది. పుట్టీ నీళ్లు పీలుస్తుంది, ఆపదు.

క్లిప్పు రంధ్రం తుప్పుకు పెద్దదైతే కొందరు మెకానిక్కులు సెల్ఫ్ ట్యాపింగ్ స్క్రూ కొట్టి ‘ఇక ఊడదు సార్’ అంటారు. ఊడదు నిజమే. కానీ స్క్రూ కోసిన అంచుకు రంగు ఉండదు, తుప్పు అక్కడే మొదలవుతుంది. డోరులో అయితే స్క్రూ మొన దించిన గ్లాసుకు గానీ వైరింగుకు గానీ తగలొచ్చు. దానికి బదులు ఒక సైజు పెద్ద క్లిప్పు గానీ, రంధ్రంలో ఇమిడే ప్లాస్టిక్ నట్టు గానీ పెట్టి అందులోకి స్క్రూ బిగించండి. స్టీలు స్క్రూలు కొంటే 304 రకం అడగండి, 202 రకం సముద్రపు గాలికి తొందరగా మచ్చలు పడుతుంది.

రంధ్రం చుట్టూ రాసే సీలెంట్ వాసన చూడండి. పుల్లగా వెనిగర్ వాసన వస్తే ఆ సిలికాన్ ఆరేటప్పుడు ఆమ్లం వదులుతుంది, పచ్చి రేకును అదే తినేస్తుంది. న్యూట్రల్ సిలికాన్ గానీ పీయూ (పాలీయురేథేన్) సీలెంట్ గానీ తీసుకోండి. డోరు అడుగున ఉండే నీళ్లు పోయే కన్నాలను మాత్రం ఎట్టి పరిస్థితిలో మూయొద్దు. సన్న తీగతో పొడిచి, లోపల చెంబెడు నీళ్లు పోసి బయటికి వస్తున్నాయో లేదో చూడండి.

అంటించే రోజు

ముందు టేపు లేకుండా పెట్టి చూడండి. బీడింగ్ కొస డోరు అంచుకు కనీసం 3 మిల్లీమీటర్లు ఇవతల ఉండాలి, లేకపోతే డోరు తీసినప్పుడల్లా ఫెండరుకు రాసుకుంటుంది.

రేకునూ బీడింగ్ వెనక భాగాన్నీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నీళ్లు సగం సగం కలిపి తుడవండి. ఒకే దిక్కుకు తుడిచి, గుడ్డ మడత మార్చుకోవాలి. శానిటైజర్ వాడితే అందులోని గ్లిజరిన్ జిడ్డుగా మిగులుతుంది. తుడిచాక అరచెయ్యి ఆనించొద్దు.

పై వరుస టేపు తెగకుండా ఒకటే పొడవు ఉండాలి. కింది వరుసలో జానెడుకో చోట వేలెడు ఖాళీ వదలండి. నీళ్లు ఎలాగూ వెనక్కి చేరతాయి, దిగిపోయే దారి ఉండాలి. టేపు మీది కాగితం కొస 5 సెంటీమీటర్లు పక్కకు మడిచి బయటికి ఉంచి, బీడింగ్‌ను మాస్కింగ్ గీతకు సరిచూసుకున్నాక ఆ కాగితం లాగుతూ నొక్కండి. బీడింగ్‌ను సాగదీయొద్దు. సాగిన ప్లాస్టిక్ చల్లబడ్డాక కుదించుకుని కొసల దగ్గర లేస్తుంది. తర్వాత గుడ్డ చుట్టిన రోలరుతో అడుగడుగునా గట్టిగా అదమండి. ఈ టేపు ఒత్తిడితోనే పడుతుంది, ఒకసారి అతుక్కున్నాక తీసి మళ్లీ సరిపెట్టడం కుదరదు.

72 గంటలు దాటాకే బండి బయటికి తీసినా, వాటర్ సర్వీసింగులో గన్ను బీడింగ్ అంచుకు ఎదురుగా పెట్టనివ్వొద్దు. మొదటి గట్టి వాన పడిన మర్నాడు డోరు కింది అంచును ఎండిన గుడ్డతో తుడిచి చూడండి. గుడ్డకు గోధుమరంగు నీళ్లు అంటితే ఎక్కడో పచ్చి రేకు మిగిలిపోయినట్టే. ముసురు పట్టకముందు ఆ ఒక్క ముక్క విప్పుకోవడం తేలిక.