అడ్మిషన్ల రద్దీకి ముందే టోనర్ పొడి సంగతి చూసుకోండి

పది, ఇంటర్ ఫలితాలు వచ్చి అడ్మిషన్లు మొదలయ్యాయంటే జిరాక్స్ షాపుల్లో ఊపిరి సలపనంత పని. కౌంటర్ ముందు జనం నిలబడి ఉండగానే కార్ట్రిడ్జ్ (ప్రింటర్‌లో టోనర్ అనే నల్ల పొడి ఉండే డబ్బా) విప్పి రీఫిల్ చేసేస్తుంటారు. పొడి ఒలికేదీ, లేచేదీ ఆ తొందరలోనే.

టోనర్ అంటే చాలామంది మసి అనుకుంటారు. నిజానికి అందులో ఎక్కువ భాగం ప్లాస్టిక్. నలుపు కోసం కార్బన్ బ్లాక్, కొన్ని రకాల్లో ఐరన్ ఆక్సైడ్ కలుపుతారు. రేణువు సైజు సుమారు 5 నుంచి 10 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). సీసాలో ఉన్నంతసేపు దానితో ఇబ్బంది లేదు. గాల్లోకి లేస్తే మాత్రం ముక్కులోకి పోతుంది, దట్టంగా లేచినప్పుడు నిప్పు తగిలితే పిండిమిల్లులో దుమ్ము అంటుకున్నట్టు భగ్గుమంటుంది.

అన్నిటికన్నా నాకు భయం సోల్డరింగ్ ఐరన్ (వైర్లు అతికించే వేడి కడ్డీ)తోనే. కార్ట్రిడ్జ్‌కి కాల్చి రంధ్రం పెట్టి, పొడి పోసి, పైన టేపు అంటించడం మన దగ్గర మామూలైపోయింది. లోపల పాత పొడి ఇంకా ఉంటుంది. కాలుతున్న ఐరన్‌ని ప్లగ్ తీయకుండా పక్కనే పెట్టి కొత్త సీసా మూత తిప్పుతారు. దయచేసి ఈ పద్ధతి మానేయండి. హెచ్‌పీ 12ఏ లాంటి చాలా కార్ట్రిడ్జ్‌లకు స్క్రూలు విప్పి పక్క మూత తీస్తే పొడి పోసే దారి ఉంటుంది. రెండు నిమిషాలు ఎక్కువ పట్టినా అదే మంచిది. పొద్దున్నే దేవుడి పటం ముందు వెలిగించిన అగరబత్తి కూడా ఆరాకే సీసా తెరవండి.

బ్లోవర్‌తో ఊదడం మరో చెడ్డ అలవాటు. ఏసీ గదిలో తలుపులు మూసి ఊదితే ఆ పొడంతా పనిచేసే కుర్రాళ్లే పీల్చాలి. ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్ కూడా వద్దు. ఇంత సన్నటి పొడి దాని ఫిల్టర్‌లో ఆగదు, మోటారు నిప్పురవ్వకు అంటుకునే ప్రమాదమూ ఉంది. టోనర్ కోసమే చేసిన వాక్యూమ్ లేకపోతే తడిగుడ్డతో తుడవండి. చేతులు చల్లనీళ్లతోనే కడగాలి. వేడినీళ్లకు పొడి మెత్తబడి అతుక్కుంటుంది.

ఒకసారి తుమ్ములొస్తే టెన్షన్ పడక్కర్లేదు. రోజూ పీల్చేవాళ్ల సంగతి వేరు. క్యాన్సర్ పరిశోధనా సంస్థ ఐఏఆర్‌సీ కార్బన్ బ్లాక్‌ని 'క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న' 2బి జాబితాలో పెట్టింది. అందుకే ఎన్95 మాస్కు, గ్లవ్స్ తప్పనిసరి. ఉబ్బసం ఉన్నవాళ్లకు ఈ పని అప్పగించకండి. కంట్లో పడితే నలపకుండా చల్లనీళ్లతో 15 నిమిషాలు కడిగి, మంట తగ్గకపోతే డాక్టరుకు చూపించండి.

మంట వస్తే ముందు మెయిన్ ఆపండి. బకెట్ నీళ్లు విసిరితే పొడి ఇంకా లేస్తుంది. మంటలార్పే కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌తో కాస్త దూరం నుంచి గ్యాస్ కొట్టాలి.

ఖాళీ కార్ట్రిడ్జ్‌లను చెత్తతో కలిపి తగలబెట్టకండి, అడుగున మిగిలిన పొడి నిప్పురవ్వలై ఎగురుతుంది. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ నిబంధనల కిందికి ఇవి కూడా వస్తాయి. మూలన పడి ఉన్న పాతవాటిని రద్దీ మొదలయ్యేలోపే రిజిస్టర్డ్ రీసైక్లర్‌కు ఇచ్చేయండి.