స్టేక్ నడిమి ఉడుకు కుదిరిన తీరు

డాలస్‌లో మా ఇంట్లో వండే రిబ్ఐ స్టేక్ (పక్కటెముకల దగ్గరి మందపాటి గొడ్డు మాంసం ముక్క) పైన మాడి, అంచుల వెంట బూడిదరంగు పట్టీ కట్టి, నడుమ మాత్రం పచ్చిగా మిగిలేది. ముక్క ఒకటిన్నర అంగుళాల మందం ఉన్నప్పుడు పెనం వేడి మధ్యకు చేరేలోపే పైభాగం అతిగా ఉడికిపోతుంది కనుక, వండే వరుసను తిరగేశాను. ముందురోజు రాత్రే ఉప్పు రాసి ఫ్రిజ్‌లో మూత పెట్టకుండా ఉంచిన ముక్కను 120 డిగ్రీల సెల్సియస్ ఓవెన్‌లో జాలీ మీద పెట్టి, పక్కనుంచి సరిగ్గా నడిమికి గుచ్చిన థర్మామీటరు 48 చూపగానే తీసి, పొగలు వచ్చేంతగా కాగిన పోత ఇనుప పెనం మీద ఒక్కో వైపు నిమిషం చొప్పున కాలుస్తున్నాను. ఓవెన్‌లో పైతేమ ఆరిపోయి ఉంటుంది కాబట్టి గోధుమరంగు పొర ఇట్టే కడుతుంది.

పెనం మీద కాల్చాక నడిమి వేడి ఇంకొంత పెరిగి, మీడియం రేర్‌కు (నడుమ ఎర్రగా ఉండే ఉడుకు) 54 నుంచి 57, మీడియంకు (నడుమ గులాబీరంగు ఉడుకు) 60 నుంచి 63 డిగ్రీలు ఉండాలి. అమెరికా వ్యవసాయ శాఖ మాత్రం 63 డిగ్రీలకు చేరాక కనీసం 3 నిమిషాలు ఆగమంటుంది. వేలితో నొక్కి ఉడుకు చెప్పే పద్ధతిని నేను నమ్మను. థర్మామీటరు మొన కొవ్వుకో ఎముకకో తగిలితే అంకె తప్పుతుంది కనుక, రెండు చోట్ల గుచ్చి తక్కువ చూపినదాన్నే లెక్కలోకి తీసుకుంటాను. కోసినప్పుడు కారే ఎర్రని ద్రవం నెత్తురు కాదు, కండరాల్లో ఉండే మయోగ్లోబిన్ అనే ఎర్రని ప్రొటీన్ కలిసిన నీరే. మీడియం కోరేవారి ముక్కను ఓవెన్‌లో 54 వచ్చేదాకా ఉంచుతాను.