పాండమిక్‌లో కాలేజ్ ఫుట్‌బాల్ ఆడాలా వద్దా, సంతకం పెట్టేముందు ఏం చూడాలి

అమెరికాలో కాలేజ్ ఫుట్‌బాల్ ఆడే పిల్లలకీ వాళ్ళ అమ్మానాన్నలకీ ఇది, 2020 కోవిడ్ లాంటి సీజన్ మళ్ళీ వస్తే పనికొస్తుంది.

కాన్ఫరెన్స్ (అంటే మీ కాలేజ్ ఆడే లీగ్) చెప్పిందే వేదం అనుకోకండి. 2020 ఆగస్ట్ 11న బిగ్ టెన్, పాక్-12 అనే రెండు కాన్ఫరెన్స్‌లూ సీజన్ వాయిదా వేశాయి, ఎస్ఈసీ అనే ఇంకో కాన్ఫరెన్స్ మాత్రం ఆడతాం అంది, సెప్టెంబర్‌లో బిగ్ టెన్ కూడా మాట మార్చి అక్టోబర్‌లో ఆట మొదలెట్టేసింది. వైరస్ ఒకటే, నిర్ణయాలు తలో రకం.

కాలేజ్ వాళ్ళు పేపర్ ఇచ్చి సంతకం పెట్టమంటే అక్కడికక్కడే పెట్టేయొద్దు, ఇంటికి తెచ్చుకుని ప్రతి లైనూ చదవండి. "రిస్క్ నాకు తెలుసు" అనడం వేరు, "ఏం జరిగినా కేసు వేయను" అని హక్కు వదులుకోవడం వేరు, ఆ రెండోది రాసిస్తేనే ఆడనిస్తాం అనకూడదని కాలేజ్ ఆటల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ 2020 ఆగస్ట్‌లోనే చెప్పింది. అయినా కేసు వేస్తే వైరస్ ప్రాక్టీస్‌లోనే అంటుకుందని నిరూపించడం చాలా కష్టం, స్టేట్ యూనివర్సిటీ అయితే చాలాచోట్ల చట్టం అడ్డు కూడా ఉంటుంది, అందుకే టెస్ట్‌లు ఎన్నాళ్ళకోసారి, హాస్పిటల్ బిల్లు ఎవరు కడతారు, ఆడనంటే స్కాలర్‌షిప్ ఉంచుతారా అన్నవి ముందే అడిగి ఈమెయిల్‌లో జవాబు తీసుకోండి. కోచ్ నోటిమాట సరిపోదు.

పాజిటివ్ వచ్చి తగ్గాక గుండె చెక్ చేయించకుండా గ్రౌండ్‌లోకి దిగనివ్వొద్దు, గుండె కండరం వాచి ఉంటే పరిగెత్తడమే ప్రాణం మీదకి తెస్తుంది. బిగ్ టెన్ అప్పట్లో గుండె ఎమ్మారై తప్పనిసరి చేసింది, 21 రోజుల దాకా మ్యాచ్ ఆడనివ్వలేదు.

నన్నడిగితే రోజూ టెస్ట్ చేయలేని కాలేజ్ అసలు ఆడించకూడదు, 2020లో ఆడినవాళ్ళు జీతం కూడా లేని పిల్లలు. మీ కాలేజ్ అలాంటిదైతే ఆ సీజన్‌కి నిక్కచ్చిగా ఆడనని రాసిచ్చేయండి.