పాత కారులో పవర్ సీటు మొరాయిస్తే

స్విచ్ నొక్కితే మోటారుతో జరిగే పవర్ సీటు పాడై ఉంటే, పాత కారు కొన్న మొదటి వారంలోనే ఆ సంగతి బయటపడుతుంది. కారు అమ్మిన మనిషి పొడగరి అయితే సీటు పూర్తిగా వెనక్కి జరిగి అక్కడే బిగుసుకుపోయి ఉంటుంది. మీ పాదం బ్రేకు మీద పూర్తిగా పడదు. అలాంటి స్థితిలో కారును రోడ్డెక్కించకండి. చాలామంది వెంటనే మోటారు కాలిపోయిందని తేల్చేసి కొత్తది తెప్పిస్తారు. ఒకప్పుడు నేనూ ఆ పనే చేశాను. కొత్త మోటారు బిగించాక కూడా సీటు ఉలకలేదు, పలకలేదు. చివరికి చూస్తే కార్పెట్ కింద ఎర్త్ బోల్టు, అంటే కరెంటును కారు బాడీ ద్వారా బ్యాటరీకి తిరిగి పంపే బోల్టు, వదులై ఉంది. అప్పటి నుంచి మోటారును అన్నిటికంటే ఆఖరున అనుమానిస్తున్నాను.

చెయ్యి పెట్టే ముందు ఒక మాట. సీటు కింద పసుపు రంగు కనెక్టరు కనిపిస్తే అది సాధారణంగా ఎయిర్‌బ్యాగ్‌దో, సీటు బెల్టును బిగించే పరికరానిదో అయి ఉంటుంది. ఏ కనెక్టరు ఊడదీయాలన్నా ముందు తాళంచెవి బయటికి తీసేసి, బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పి, పది నిమిషాలు ఆగండి. పసుపు తీగల మీద మల్టీమీటరు (వోల్టేజి కొలిచే పరికరం) కొస పెట్టవద్దు.

పరికరాలు లేకుండా మొదటి పరీక్ష

చీకటి వేళ తలుపు తీసి, లోపలి దీపం వెలుగుతుండగా సీటు స్విచ్ నొక్కండి. దీపం కాస్త మసకబారితే కరెంటు మోటారుకు చేరుతోంది, కానీ మోటారు తిరగలేకపోతోంది. అంటే ఏదో అడ్డం పడింది, లేదా సీటు జరిగే ఇనుప పట్టా బిగుసుకుంది. దీపంలో మార్పే లేకపోతే కరెంటు దారిలోనే ఎక్కడో ఆగింది. ఎల్ఈడీ దీపాలున్న కార్లలో ఈ మసక కనిపించకపోవచ్చు. అప్పుడు బ్యాటరీ మీద మీటరు పెట్టి, స్విచ్ నొక్కినప్పుడు వోల్టేజి కొంచెం దిగుతోందా అని చూడాలి.

ఏ స్విచ్ నొక్కినా చలనం లేదు

ముందు బ్యాటరీ చూడండి. ఇంజను ఆపి కాసేపయ్యాక 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. 12 కంటే తక్కువైతే కొన్ని కార్లు సీటు వంటి సౌకర్యాలకు కరెంటు తామే ఆపేస్తాయి. తరువాత ఫ్యూజు. సీటుకు తరచుగా 30 ఆంపియర్లది ఉంటుంది. కంటికి బాగానే కనిపించిన ఫ్యూజులో సన్నని పగులు ఉండవచ్చు. అందుకే టెస్ట్ ల్యాంపు (ఒక తీగ ఎర్త్‌కు తగిలిస్తే, కొన తాకిన చోట కరెంటు ఉంటే వెలిగే చిన్న దీపం) కొనను ఫ్యూజు ఒక్కో కొసకూ విడివిడిగా తాకించి చూడాలి, రెండు చోట్లా వెలగాలి.

ఫ్యూజు బాగుంటే సీటు కిందికి వంగక తప్పదు. సీటు జరిగినప్పుడల్లా దాని తీగలూ వంగుతాయి, సాగుతాయి. కాలి బూట్లు తగులుతాయి. బూట్లు మోసుకొచ్చిన తడి కార్పెట్‌లోకి ఇంకుతుంది. కనెక్టరు విప్పి, పిన్నుల మీద ఆకుపచ్చని చిలుము ఉందేమో టార్చి వేసి చూడండి. చిలుముతో పాటు సీటు బోల్టుల మీద తుప్పు, కార్పెట్ కింద ఎండిన బురద కూడా కనిపిస్తే ఆ కారు ఎప్పుడో నీట మునిగి ఉండవచ్చు. అప్పుడు సీటు ఒక్కటే మీ సమస్య కాదు.

ఇక్కడ మల్టీమీటరు చాలామందిని మోసం చేస్తుంది. తీగలోని పోగులన్నీ తెగి ఒక్కటే మిగిలినా మీటరు నిక్షేపంగా 12 వోల్టులు చూపిస్తుంది, ఎందుకంటే మీటరు లాగే కరెంటు దాదాపు శూన్యం. మోటారుకు ఆంపియర్లు కావాలి. ఆ బరువు పడగానే ఒంటిపోగు చేతులెత్తేస్తుంది. అందుకే పాత హెడ్‌లైటు బల్బుకు రెండు తీగలు కట్టి, బ్యాటరీ మళ్ళీ తగిలించి, స్విచ్ నొక్కి ఉంచి, మోటారుకు వెళ్ళే లావు తీగల దగ్గర పరీక్షించండి. 55 వాట్ల బల్బు నాలుగున్నర ఆంపియర్ల దాకా లాగుతుంది. అది నిండుగా వెలిగితే తీగ బాగుంది, మిణుకుమిణుకుమంటే లేదు. కంప్యూటర్‌కు వెళ్ళే సన్నని తీగల మీద మాత్రం బల్బు పెట్టకండి.

ఎర్త్ పరీక్ష ఇంకా తేలిక. మీటరు ఒక కొస బ్యాటరీ నెగెటివ్ మీద, రెండోది సీటు ఎర్త్ తీగ మీద పెట్టి స్విచ్ నొక్కి ఉంచండి. అర వోల్టు కంటే ఎక్కువ చూపిస్తే ఎర్త్ బోల్టు విప్పి, కింది లోహం మెరిసేదాకా గీకి బిగించండి.

కొత్త ఫ్యూజు వేయగానే మళ్ళీ పోతోందా? ఇంకా పెద్దది వేయకండి, ఈసారి ఫ్యూజుకు బదులు తీగ కాలుతుంది. సీటు ఏ స్థానానికి వచ్చినప్పుడు పోతోందో గమనిస్తే, తీగ తోలు ఒరుసుకుపోయి ఇనుప చట్రానికి తగులుతున్న చోటు దాదాపు అక్కడే దొరుకుతుంది.

ముందుకు వస్తుంది, వెనక్కి పోదు

ఇది తేలిక కేసు. సీటు మోటారుకు రెండు లావు తీగలుంటాయి, వాటి ధ్రువాలు తిరగేస్తే మోటారు ఎదురు తిరుగుతుంది. కాబట్టి ఒక దిశలో బాగా నడిస్తే మోటారూ బాగుంది, ఆ రెండు తీగలూ బాగున్నాయి. పట్టాలో అడ్డం ఏదీ లేకపోతే తప్పు సాధారణంగా స్విచ్‌దే. లోపలి రాగి బిళ్ళలు నల్లబడి ఉంటాయి, లేదా ఎప్పుడో ఒలికిన తీపి పానీయం జిగురు కట్టి ఉంటుంది. కాంటాక్ట్ క్లీనర్ (విద్యుత్ భాగాలను శుభ్రం చేసే స్ప్రే) కొట్టి చూడండి, కుదరకపోతే స్విచ్ మార్చండి.

శబ్దం వస్తుంది, సీటు కదలదు

మోటారు హాయిగా తిరుగుతున్న శబ్దం వస్తుంటే కరెంటు గొడవ లేదు. మోటారు నుంచి పట్టాకు వెళ్ళే మెలితిరిగే కేబులు ఊడింది, లేదా ప్లాస్టిక్ గేరు పళ్ళు అరిగాయి. సీటు ఒక పక్క మాత్రమే జరిగి వంకరగా నిలబడితే అది రెండో పక్క కేబులు పని.

మూలుగుతూ ఆగిపోతే పట్టాలో వెతకండి. నాణేలు, పెన్ను మూతలు అక్కడే చేరతాయి. ఒకసారి నాకు తలపిన్ను దొరికింది, గేరు పళ్ళ మధ్య నలిగి అచ్చం గేరు ఆకారంలోకి వంగిపోయి ఉంది. కొన్ని సెకన్లు నడిచి ఆగి, కాసేపయ్యాక మళ్ళీ నడిస్తే మోటారు వేడెక్కి తనను తాను కాపాడుకుంటోంది. మట్టి కలిసి గట్టిపడ్డ పాత గ్రీజు తుడిచేసి, తెల్ల లిథియం గ్రీజు పలుచగా రాస్తే చాలు.

మెమరీ సీటు ఆగి ఆగి జరగడం

మెమరీ సీటు, అంటే మనం కుదుర్చుకున్న స్థానాన్ని గుర్తుంచుకునే సీటు, నొక్కిన ప్రతిసారీ వేలెడంత జరిగి ఆగిపోతే మోటారులోని సెన్సారును అనుమానించండి. అది మోటారు తిరుగుళ్ళను లెక్కపెట్టి సీటు కంప్యూటర్‌కు చెబుతుంది. లెక్క అందకపోతే, సీటు దేనికో తగిలిందనుకుని కంప్యూటర్ మోటారును ఆపేస్తుంది. బ్యాటరీ విప్పి పెట్టాక మొదలైన మతిమరుపుకు మాత్రం వైద్యం సులువు. చాలా కార్లలో సీటును ప్రతి దిశలోనూ చివరిదాకా నడిపి, అక్కడ కొన్ని సెకన్లు స్విచ్ నొక్కి ఉంచితే హద్దులు మళ్ళీ నేర్చుకుంటుంది.

బోల్టులు అందని సీటు

సీటు విప్పాలంటే బోల్టులు కనబడాలి, బోల్టులు కనబడాలంటే సీటు కదలాలి. ఈ చిక్కుముడికి దారి ఉంది. మోటారు కనెక్టరు విప్పి, మోటారు వైపున్న రెండు లావు తీగలకు మధ్యలో ఫ్యూజు పెట్టిన మరో 12 వోల్టుల బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇవ్వండి. ఎదురు దిశ కావాలంటే తీగలు మార్చండి. సెన్సారు తాలూకు సన్నని తీగల జోలికి వెళ్ళవద్దు. చివరకు వచ్చాక కూడా కరెంటు ఇస్తూ పోతే గేరు పోతుంది.

తిరిగి బిగించాక పసుపు కనెక్టర్లన్నీ క్లిక్కుమనేలా పెట్టి, ఆ తరువాతే బ్యాటరీ తగిలించండి. తాళం తిప్పిన కొన్ని సెకన్లకు ఎయిర్‌బ్యాగ్ దీపం ఆరిపోవాలి. ఆరకపోతే బ్యాటరీ మళ్ళీ విప్పి, పది నిమిషాలు ఆగి, ఆ కనెక్టర్లనే మొదట చూడండి.